వాసన శిక్షణ పెట్టె: ఇంట్లో తయారీ, కొలతలు, మార్పులు

వైరల్ జలుబు తగ్గి చాలాకాలమైనా వాసన తిరిగి రానివారు ఇంట్లోనే శిక్షణ పెట్టెను (రోజూ పదేపదే వాసన చూడవలసిన సీసాల పెట్టెను) తయారుచేసుకుని, దానివల్ల నిజంగా మేలు జరుగుతున్నదో లేదో కొలుచుకోవడానికి వీలుగా ఈ డైరీ రాస్తున్నాను. నాకు జలుబు వారంలో తగ్గింది, ముక్కు పూర్తిగా తెరుచుకుంది, కానీ ఏడాది దాటినా వాసన రాలేదు. చెన్నైలో చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు ఎండోస్కోపుతో చూసి, పాలిప్స్ (ముక్కు లోపల పెరిగే మెత్తని కండలు) లేవని, గాలికి ఎక్కడా అడ్డు లేదని, దెబ్బతిన్నది వాసనను పట్టే పొరేనని చెప్పి, శిక్షణ చేయమన్నారు. ఈ పరీక్ష చేయించుకోకుండా ఎవరూ పెట్టె పని మొదలుపెట్టకూడదు. సైనసు వాపు, పాలిప్స్, తలకు తగిలిన దెబ్బ వంటి కారణాలకు చికిత్స వేరుగా ఉంటుంది.

నేను అంబత్తూరులో ఒక కర్మాగారం నాణ్యతా పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. పరీక్షలు జరిపేది మా అత్తయ్య. ఆమె తెలుగు మాధ్యమ పాఠశాలలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఏ సీసాలో ఏముందో రాసిన పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది, నేను దాన్ని చూడను. సీసాలకన్నా, నూనెలకన్నా ఈ ఏర్పాటే ముఖ్యమని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

దశ 0: శిక్షణకు ముందు ఇంటి భద్రత

వంట గ్యాసుకు తనదైన వాసన ఉండదు. లీకైతే తెలియడానికి దానిలో ఇథైల్ మెర్‌కాప్టన్ అనే ఘాటైన గంధక పదార్థాన్ని కలుపుతారు. అత్తయ్య గుడికి వెళ్లినప్పుడు ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటాను కనుక, ఆ సమయంలో ఈ ఏర్పాటు ఉన్నా లేనట్టే.

1. ఎల్‌పీజీ అలారం కొని, నేలకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తులో బిగించాము. సిలిండరు గ్యాసు గాలికంటే బరువైనది కనుక కిందనే పేరుకుంటుంది. పైపు ద్వారా వచ్చే సహజవాయువు గాలికంటే తేలిక కనుక, ఆ కనెక్షను ఉన్నవారు అలారాన్ని పైకప్పుకు దగ్గరగా పెట్టాలి.
2. మొదట పొయ్యి గట్టు పక్కన బిగించినప్పుడు చేతులకు రాసుకునే శానిటైజరు ఆవిరికి, శుక్రవారం సాంబ్రాణి పొగకు కూడా మోగింది. ఈ రకం సెన్సర్లకు ఆల్కహాలు ఆవిరీ గ్యాసులాగే తగులుతుంది. మాటిమాటికీ మోగే అలారాన్ని ఇంట్లోవాళ్లు చివరకు ఆపేస్తారు. అందుకని దాన్ని గట్టు నుంచి సిలిండరు ఉన్న మూలకు మార్చాము.
3. గ్యాసు లీకు అత్యవసర నంబరు 1906ను పెద్ద అంకెలతో రాసి వంటింటి తలుపుకు అతికించాము.
4. ఫ్రిజ్‌లో పెట్టే ప్రతి గిన్నెకూ తేదీ రాసిన చీటీ అంటిస్తున్నాము. పాలు కాచేటప్పుడు టైమరు పెడుతున్నాము.

ఖర్చు: అలారం రూ. 1,450. ఇప్పటివరకు మొత్తం: రూ. 1,450.

దశ 1: మొదటి పెట్టె

ఈ పద్ధతికి ఆధారం జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం అనే నాలుగు వాసనలను ఉదయం, రాత్రి ఒక్కొక్కటి పది సెకన్ల చొప్పున 12 వారాలపాటు చూడడమే ఆ శిక్షణ. ఈ నాలుగింటి ఎంపికకు మూలం హాన్స్ హెన్నింగ్ 1916లో చేసిన వాసనల విభజన; అందులోని పూలు, పండ్లు, మసాలాలు, చెట్ల జిగురు అనే నాలుగు వర్గాల నుంచి ఒక్కొక్కటి తీసుకున్నారు. అలవాటైన వస్తువులు కదా అని వంటింట్లో నుంచి నాలుగు మసాలాలు తీసుకుంటే నాలుగూ ఒకే వర్గానికి చెందే ప్రమాదం ఉంది.

1. వెడల్పు మూతి ఉన్న 30 మిల్లీలీటర్ల ముదురు గోధుమరంగు గాజుసీసాలు పన్నెండు కొన్నాను. ఎనిమిది తరవాత పరీక్షల కోసం.
2. నీలగిరి తైలం, లవంగ నూనె మందుల దుకాణంలోనే దొరికాయి. నిమ్మకు బదులు నిమ్మగడ్డి నూనె తీసుకున్నాను. దానిలో ప్రధానంగా ఉండే సిట్రాల్ నిమ్మ వాసననే ఇస్తుంది. గులాబీకి అత్తరు కొన్నాను.
3. ప్రతి సీసాలో దూది ఉంచి, పది చుక్కలు పలచన చేయకుండా వేశాను. 2014లో జర్మనీలో వైరల్ జలుబు వల్ల వాసన పోయినవారిపై జరిగిన అధ్యయనంలో, గాఢమైన వాసనలతో శిక్షణ పొందినవారు చాలా పలచని వాసనలతో పొందినవారికంటే ఎక్కువ మెరుగుపడ్డారు.
4. సీసాను ముక్కుకు రెండు వేళ్ల దూరంలో పట్టుకుని, గట్టిగా పీల్చకుండా చిన్నచిన్న శ్వాసలు తీసుకోవాలి. ఒక సీసాకు, ఇంకో సీసాకు మధ్య అర నిమిషం ఆగాలి.

నూనెలను ముక్కులో చుక్కలుగా వేసుకోకూడదు, ముక్కు లోపల పూసుకోకూడదు. లవంగ నూనె ఆ సున్నితమైన పొరను కాల్చగలదు. వాసన తెప్పిస్తాయని జింకు మందులను ముక్కులో వేసుకోమనేవాళ్లు కూడా ఎదురవుతారు. ముక్కులో వేసుకునే జింకు జెల్లుల వల్ల వాసన పోయిన కేసులు రావడంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో వాటిని వాడవద్దని హెచ్చరించింది. మా ఇంటికి వచ్చి చిట్కా చెప్పిన ప్రతి ఒక్కరికీ నేను ఈ విషయం విడమరచి చెప్పాను.

ఖర్చు: సీసాలు రూ. 360, నీలగిరి రూ. 150, లవంగం రూ. 140, నిమ్మగడ్డి రూ. 130, అత్తరు రూ. 400, ఈ దశలో రూ. 1,180. ఇప్పటివరకు మొత్తం: రూ. 2,630.

దశ 2: అన్ని సీసాల్లోకీ లవంగం

నెల తిరగకముందే అత్తయ్య నాలుగు సీసాలనూ వరసగా వాసన చూసి, "అమ్మాయ్, మూడింట్లో లవంగమే కొడుతోంది. గులాబీ సీసాలో మాత్రం గులాబీ లేదు, చందనం ఉంది" అన్నారు. నాకు ఏ సీసాలోనూ ఏమీ తెలియడం లేదు కనుక ఈ లోపాన్ని నేను ఎప్పటికీ కనిపెట్టలేకపోయేదాన్ని. వాసన బాగా తెలిసిన మనిషి ఒకరు వారానికోసారి పెట్టెను తనిఖీ చేయడం అప్పటినుంచి నియమంగా పెట్టుకున్నాము.

లవంగ నూనెలో ఉండే యూజినాల్ ప్లాస్టిక్ మూత లోపలి మెత్తలోకి ఇంకి బయటకు వచ్చింది. సీసాలన్నీ ఒకే డబ్బాలో ఉండడంతో అది మిగిలిన మూతలకూ పట్టింది. ఒక్కో సీసాను ప్లాస్టిక్ సంచిలో పెట్టినా లాభం లేకపోయింది, పలచని పాలిథిన్ దాన్ని ఆపదు. చివరకు కుదిరిన మార్పులు ఇవి:

1. పాత మూతలన్నీ తీసేసి, ప్రతి సీసా మూతిపై రెండు పొరల అల్యూమినియం రేకు వేసి ఆపైన కొత్త మూత బిగించాము.
2. లవంగం సీసాను వేరే గదిలో విడిగా ఉంచాము.
3. దూదికి బదులు నీటిరంగుల చిత్రాలకు వాడే మందపాటి కాగితాన్ని ముక్కలుగా కోసి వాడాము. దూది పోగులు మూతికి, రేకుకు అంటుకుని నూనెను బయటకు తెస్తున్నాయి.

అత్తరు సంగతి వేరు. గులాబీ వాసనకు ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీటిలో కరుగుతుంది. ఆవిరిపట్టి తీసేటప్పుడు అది ఎక్కువగా పన్నీటిలోకే పోతుంది, నూనెలో కొద్దిగా మిగులుతుంది. పైగా సంప్రదాయ అత్తర్లను చందన తైలంలోకి దించుతారు. అత్తరుగా అది మంచిదే కావచ్చు, కానీ శిక్షణకు ఒక్క సీసాలో ఒక్క వాసనే ఉండాలి. చెన్నైలోని ప్యారీస్ కార్నర్ దగ్గర సుగంధ ద్రవ్యాల ముడిసరుకు అమ్మే దుకాణంలో ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌నే విడిగా కొన్నాను. తరవాత చేసిన కొలతలన్నిటికీ ఈ ద్రవమే ఆధారమైంది.

ఖర్చు: ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ రూ. 350, రేకు రూ. 90, కాగితం రూ. 60, ఈ దశలో రూ. 500. ఇప్పటివరకు మొత్తం: రూ. 3,130.

దశ 3: నీలగిరి సీసాలో తెలిసినది వాసన కాదు

రెండో నెలలో నీలగిరి సీసా దగ్గర నాకు ఏదో తెలియడం మొదలైంది. ఇంట్లో అందరూ సంతోషించారు. అయితే ముక్కులో వాసన నరంతోపాటు ట్రైజెమినల్ అనే మరో నరం కూడా ఉంది. మిరపఘాటు, ఉల్లిపాయ మంట, పిప్పరమెంటు చలువ, కర్పూరం చురుకు దాని ద్వారానే తెలుస్తాయి. వాసన పూర్తిగా పోయినవారిలోనూ ఆ నరం పనిచేస్తూనే ఉంటుంది. నీలగిరి తైలంలోని యూకలిప్టాల్ రెండు నరాలనూ తాకుతుంది కనుక, నాకు తెలిసినది వాసనా, ఉత్త చలువా అన్నది తేల్చుకోవలసి వచ్చింది.

దీనికి వైద్యశాస్త్రంలో ఒక సులువైన ఉపాయం ఉంది. శుద్ధమైన వాసన ఏ ముక్కు రంధ్రంలోకి వచ్చిందో మనిషి చెప్పలేడు. ట్రైజెమినల్ నరాన్ని తాకే పదార్థమైతే ఏ పక్క నుంచి వచ్చిందో చెప్పగలడు.

1. నొక్కితే గాలి వచ్చే ఒకే రకం మెత్తని సీసాలు నాలుగు కొన్నాము. ఒకదానిలో నీలగిరి తైలం, ఇంకొకదానిలో ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ పట్టించిన కాగితం ఉంచి, మిగిలిన రెండు ఖాళీగా ఉంచాము.
2. నేను కళ్లకు గుడ్డ కట్టుకుని ఊపిరి బిగపట్టేదాన్ని. అత్తయ్య ఒక రంధ్రం దగ్గర వాసన సీసా, రెండో రంధ్రం దగ్గర ఖాళీ సీసా ఉంచి రెండింటినీ ఒకేసారి నొక్కేవారు.
3. కుడా, ఎడమా అన్నది నాణెం ఎగరేసి ఆమె ముందే పుస్తకంలో రాసుకున్నారు.
4. "ఏమీ తెలియలేదు" అనే జవాబు ఒప్పుకోరు. తెలియకపోయినా ఒక పక్క చెప్పితీరాలి.

ఇరవైసార్లలో గుడ్డిగా చెప్పినా సగటున పది సరిపోతాయి. పదిహేను లేదా అంతకంటే ఎక్కువ రావడం గుడ్డి అదృష్టంతో వందలో రెండుసార్లే జరుగుతుంది. అందుకే పదిహేనును గీతగా పెట్టుకున్నాము.

నీలగిరి: నాకు 18, అత్తయ్యకు 19.
ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్: నాకు 11, అత్తయ్యకు 9.

అత్తయ్య అంకెలను గమనించాలి. ఆమెకు ప్రతిసారీ గులాబీ వాసన స్పష్టంగా తెలిసింది, అయినా ఏ పక్క నుంచి వచ్చిందో చెప్పలేకపోయారు. పరీక్ష సరిగ్గా జరుగుతున్నదని దానివల్లే రుజువైంది. నాకు నీలగిరి 18 రావడం ట్రైజెమినల్ నరం చురుకుగా ఉందనడానికి గుర్తే తప్ప, వాసన వచ్చిందనడానికి కాదు. ఆ రోజునుంచి నీలగిరిని శిక్షణలో ఉంచుకున్నాను కానీ కొలతల్లోంచి తీసేశాను. వాసన తిరిగి వస్తోందని నమ్మి శిక్షణను మధ్యలో మానేసేవారు ఇటువంటి చలువను చూసే ఆగిపోతారేమో అనిపిస్తుంది. అది విచారించదగిన విషయం, ఎందుకంటే ఈ పద్ధతికి నెలల తరబడి ఓర్పే పెట్టుబడి.

ఖర్చు: మెత్తని సీసాలు రూ. 80. ఇప్పటివరకు మొత్తం: రూ. 3,210.

దశ 4: గుర్తింపు పరీక్ష, అందులో దొరికిన ఆనవాళ్లు

ఆస్పత్రుల్లో వాడే గుర్తింపు పరీక్షల్లో ప్రతి వాసనకు నాలుగు పేర్లు ఇచ్చి ఒకటి ఎంచుకోమంటారు. అమెరికాలో రిచర్డ్ డోటీ 1984లో రూపొందించిన పరీక్షలో 40 వాసనలు ఉంటాయి. ఐరోపాలో వాడే స్నిఫిన్ స్టిక్స్ అనే పరీక్ష గుర్తింపు భాగంలో 16 ఉంటాయి. అక్కడి వస్తువుల్లో కొన్ని మనవారికి పరిచయం లేనివి. పేరే తెలియని వాసనను గుర్తించలేకపోవడం ముక్కు లోపం కాదు కనుక, మేము మన ఇళ్లలోవి 16 ఎంచుకున్నాము: కాఫీ పొడి, ఇంగువ, ధనియాలు, జీలకర్ర, లవంగాలు, వేయించిన నువ్వులు, చింతపండు, కొబ్బరి, నెయ్యి, నారింజ తొక్క, కరివేపాకు, వేపాకు, చందనం, అగరబత్తి, బట్టల సబ్బు, కిరోసిను. కర్పూరం, మిరియాలు, పుదీనా చురుకుమనే పదార్థాలు కనుక చేర్చలేదు.

పదహారింటిలో గుడ్డిగా నాలుగు కలుస్తాయి. ఎనిమిది లేదా అంతకంటే ఎక్కువ రావడం అదృష్టంతో వందలో మూడుసార్లకు మించి జరగదు. మొదటి పరీక్షలో నాకు 9 వచ్చాయి.

సీసాల్లో ఏమీ తెలియని మనిషికి 9 రావడం అత్తయ్యకు నచ్చలేదు. ఆమె నా ఎదురుగా కూర్చుని, ఒక సీసాను నా చెవి దగ్గర ఊపి, "ఇది ఏమిటి?" అన్నారు. "లవంగాలు" అన్నాను. ధనియాలు గలగలమంటాయి, లవంగాలు మరో రకంగా గలగలమంటాయి, నెయ్యి సీసా బరువుగా ఉంటుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన నారింజ తొక్క ఉన్న సీసా చల్లగా ఉంటుంది. ముక్కు పనిచేయకపోతే మిగిలిన ఇంద్రియాలు మనకు తెలియకుండానే జవాబును అందిస్తాయి. చేసిన మార్పులు:

1. గింజలు, పొడులు అన్నీ గాయాల కట్లకు వాడే మెత్తని గాజు గుడ్డలో మూటకట్టి, సీసా కదిలినా కదలకుండా బిగించాము.
2. సీసాలు నా చేతికి ఇవ్వరు. అత్తయ్యే ముక్కు దగ్గర పట్టుకుంటారు.
3. పరీక్షకు రెండు గంటల ముందే అన్నిటినీ గది వేడికి తెచ్చి ఉంచుతాము.
4. పరీక్ష తెల్లవారుజామున, పొయ్యి వెలిగించకముందే జరుగుతుంది. ఆ పూట అత్తయ్య మల్లెపూలు పెట్టుకోరు, చేతులు వాసనలేని సబ్బుతో కడుక్కుంటారు.
5. మధ్యమధ్య ఖాళీ సీసాలు కలుపుతాము. ఏమైనా ఉందా, లేదా అని మాత్రం అడుగుతారు.

సవరించిన పరీక్షలో నాకు 5 వచ్చాయి. అంటే అదృష్టం కంటే ఎక్కువ ఏమీ లేదు. ఖాళీ సీసాలు పదింటిలో నాలుగింటికి "ఉంది" అన్నాను. అత్తయ్యకు 14 వచ్చాయి. ఆమెకూ చందనం, అగరబత్తి కలగలిసిపోయాయి, కనుక 16కు 16 ఎవరూ ఆశించనవసరం లేదు. ఈ 5నే అసలైన మొదటి అంకెగా పుస్తకంలో పెట్టాము. 9 పక్కన గీత కొట్టి, కారణం రాసి ఉంచాము.

ఖర్చు: గాజు గుడ్డ రూ. 40. ఇప్పటివరకు మొత్తం: రూ. 3,250.

దశ 5: పలచన సీసాల వరస

గుర్తింపు పరీక్షలో జ్ఞాపకశక్తికీ పాత్ర ఉంది. ముక్కు ఎంత పలచని వాసనను పట్టగలదో చూడాలంటే ఒకే పదార్థాన్ని మెట్లుమెట్లుగా పలచన చేసి పరీక్షించాలి. ఇందుకు ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, దాన్ని పలచన చేయడానికి వాసన లేని ప్రొపిలిన్ గ్లైకాల్ వాడాము.

1. మొదట ఖాళీ పరీక్షకు రెండు సీసాల్లో ఉత్త ప్రొపిలిన్ గ్లైకాల్ పోసి మూత బిగించాలి.
2. 2 నుంచి 12 వరకు అంకెలు వేసిన సీసాల్లో 5 మిల్లీలీటర్ల చొప్పున ప్రొపిలిన్ గ్లైకాల్ పోయాలి.
3. 1వ సీసాలో 9.6 మిల్లీలీటర్ల ప్రొపిలిన్ గ్లైకాల్, 0.4 మిల్లీలీటర్ల ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ కలపాలి. ఇది 4 శాతం.
4. 1వ సీసా నుంచి 5 మిల్లీలీటర్లు తీసి 2వ సీసాలో కలిపితే 2 శాతం అవుతుంది. అక్కడి నుంచి 5 తీసి 3వ సీసాలో కలిపితే 1 శాతం. ఇలాగే 12 వరకు సగం చేసుకుంటూ పోవాలి.
5. ప్రతి మెట్టుకు కొత్త సిరంజి వాడాలి.

అయిదో నియమం మొదటి విడత పాడయ్యాక వచ్చింది. ప్రొపిలిన్ గ్లైకాల్ చిక్కని ద్రవం, సిరంజి గోడలకు పట్టుకుంటుంది. ఒకే సిరంజితో మెట్లన్నీ కలిపి చివరగా ఖాళీ సీసాలు నింపగా, అత్తయ్యకు ఖాళీ సీసాల్లోనే గులాబీ వాసన తెలిసింది. ఆ విడత మొత్తం పారబోశాము.

పరీక్ష జరిగేది ఇలా: రెండు ఖాళీ సీసాలు, ఒక వాసన సీసా ఏదో ఒక వరసలో ముక్కు దగ్గర పెడతారు. వాసన ఉన్నది ఏదో చెప్పాలి. పలచని సీసాలతో మొదలుపెట్టి గాఢమైనవాటివైపు వెళ్తారు. ఒకే మెట్టు దగ్గర వరసగా నాలుగుసార్లు సరిగ్గా చెబితే ఆ మెట్టు తెలిసినట్టు. మూడింటిలో ఒకటి గుడ్డిగా నాలుగుసార్లు కుదరడానికి అవకాశం 81లో ఒకటి మాత్రమే. పలచన నుంచి గాఢానికి వెళ్లడం తప్పనిసరి. గాఢమైనది ముందు చూస్తే ముక్కు కాసేపు మొద్దుబారుతుంది.

అత్తయ్య 9వ మెట్టు వరకు పట్టగలిగారు. నాకు 1వ మెట్టు, అంటే 4 శాతం కూడా తెలియలేదు. పుస్తకంలో నా పేరు కింద సున్నా పడింది.

ఖర్చు: ప్రొపిలిన్ గ్లైకాల్ రూ. 280, సీసాలు రూ. 210, సిరంజిలు రూ. 100, ఈ దశలో రూ. 590. ఇప్పటివరకు మొత్తం: రూ. 3,840.

దశ 6: కాఫీ కుళ్లిపోయింది

అయిదో నెలలో ఒక ఉదయం అత్తయ్య డికాక్షన్ దించుతుంటే కాలిన రబ్బరు, కుళ్లిన కూరగాయ కలిసినట్టు ఘోరమైన వాసన వచ్చింది. వాసన రావడమే వార్త అయినా, అది భరించలేనిదిగా ఉంది. ఆ వారంలోనే వేయించిన ఉల్లి, కోడిగుడ్డు, ఇంగువ పోపు, టూత్‌పేస్టు అదే విధంగా మారాయి. దీన్ని పారోస్మియా అంటారు. వైరల్ జలుబు తరవాత వాసన పోయినవారిలో ఇది తరచుగా కనిపిస్తుందని, తిరిగి పెరుగుతున్న నరాల పనిగా దీన్ని చూడవచ్చని మా వైద్యురాలు చెప్పారు.

కారణం తెలుసుకోవడం నాకు ధైర్యాన్నిచ్చింది. లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో వాసన గ్రాహకాల జన్యువులను కనుగొన్నారు; 2004లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. మనిషిలో పనిచేసే గ్రాహకాలు సుమారు 400 రకాలు. ఒక్కో వాసన వాటిలో కొన్నింటిని కలిపి మేల్కొలుపుతుంది, మెదడు ఆ కలయికనే చదువుతుంది. ముక్కు పైభాగంలోని వాసన కణాలు జీవితాంతం అడుగుకణాల నుంచి కొత్తగా పుడుతూనే ఉంటాయి, వాటి తీగలు జల్లెడలాంటి ఎముక రంధ్రాల గుండా మెదడులోకి వెళ్తాయి. కొన్ని రకాలు తిరిగి వచ్చి, మిగిలినవి రాకపోతే, కాఫీలోని వందల పదార్థాల్లో కొన్నే తెలుస్తాయి. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రచురించిన పనిలో, పారోస్మియా ఉన్నవారిని ఎక్కువగా ఇబ్బందిపెట్టే కాఫీ పదార్థాల్లో 2-ఫ్యూరాన్‌మీథేన్‌థయాల్ అనే గంధక పదార్థం ముఖ్యమైనదని తేలింది. అతి తక్కువ మోతాదులోనే తెలిసే పదార్థం అది. వేయించినప్పుడు, మాడ్చినప్పుడు ఇటువంటివి పుడతాయి. ఉల్లిలో, గుడ్డులో, ఇంగువలో ఉన్నదీ గంధకమే.

పుస్తకంలో ఒక కొత్త పట్టీ మొదలుపెట్టాము. 0 అంటే ఇబ్బంది లేదు, 3 అంటే గదిలో ఉండలేను.

వేడి ఫిల్టరు కాఫీ 3, వేయించిన ఉల్లి 3, కోడిగుడ్డు 3, ఇంగువ పోపు 2, టూత్‌పేస్టు 2, చల్లారిన కాఫీ 1, ఇడ్లీ 0, పెరుగన్నం 0, పోపు లేని పప్పు 0.

ఈ పట్టీ వంటను మార్చింది. వేయించినవి తగ్గించి ఆవిరిమీద ఉడికినవి పెంచాము, ఆహారాన్ని గోరువెచ్చగా తింటున్నాను. వేడి తగ్గితే ఆవిరయ్యే పదార్థాలు తగ్గుతాయి, బాధ కూడా తగ్గుతుంది. పోపు వేసేటప్పుడు వంటింటి తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తున్నారు. ఇంటిల్లిపాదీ ఇంగువ మానేయనక్కరలేదని నేను పట్టుబట్టాను. నా పప్పు ముందు తీసేసి, మిగిలినదానికి పోపు పెడతారు. పారోస్మియా ఉన్నవారు తిండి తగ్గించి బరువు కోల్పోవడం జరుగుతుంది, కనుక పదిహేను రోజులకోసారి తూకం చూసుకోవాలి. నా బరువు రెండు కిలోలు తగ్గి అక్కడ నిలిచింది.

శిక్షణ సీసాల్లో లవంగం మాత్రమే కొద్దిగా వికృతంగా అనిపించింది. మానలేదు, పది చుక్కలను నాలుగుకు తగ్గించాను. కాఫీని శిక్షణలో చేర్చడం ఆ నెలల్లో ప్రయత్నించి ఆపేశాను. రోజంతా వికారం మిగిలితే మర్నాడు పెట్టె తెరవాలనిపించదు.

కొలతలు, ఆరో నెల: గుర్తింపు 8. పలచన వరసలో 1వ మెట్టు తెలిసింది. ఖాళీ సీసాలకు "ఉంది" అనడం పదింటిలో ఒకటికి తగ్గింది. నా దృష్టిలో ఈ మూడింటిలో చివరిదే ఎక్కువ విలువైనది. అది లేకపోతే మిగిలిన రెండిటినీ నమ్మలేము.

దశ 7: వాసనల జట్టు మార్పు

టర్కీలో ఆల్తుందాగ్ బృందం 2015లో ప్రచురించిన పద్ధతిలో ప్రతి 12 వారాలకు నాలుగు వాసనలనూ మార్చారు. వారి రెండో జట్టులో మెంథాల్, థైమ్, టాంజరిన్, మల్లె ఉన్నాయి. దాన్ని మన సరుకులతో ఇలా కూర్చాము:

1. థైమ్‌కు బదులు వాము. రెండిటిలోనూ థైమాల్ ఉంటుంది. దంచి, ప్రతి పది రోజులకు మార్చాలి. అక్టోబరు, నవంబరు వానల్లో వాము సీసా తేమ పట్టి బూజెక్కింది; అప్పటినుంచి పొడిని పెనంమీద వేడి చేయకుండా ఎండ కాసిన రోజే దంచి నింపుతున్నాము.
2. టాంజరిన్‌కు బదులు నారింజ తొక్క నూనె.
3. మల్లెకు వేసవిలో మల్లెపూలే చాలు. మిగిలిన కాలాలకు మల్లె వాసనలో ప్రధానమైన బెంజైల్ ఎసిటేట్.
4. మెంథాల్ చలువ పదార్థం కనుక దాన్ని వదిలి వెనిలిన్ పలుకులు తీసుకున్నాము. మొదట యాలకులు అనుకున్నాము. వాటిలోనూ నీలగిరిలో ఉన్న యూకలిప్టాలే ఎక్కువగా ఉండడంతో మానుకున్నాము.

ఖర్చు: బెంజైల్ ఎసిటేట్ రూ. 250, వెనిలిన్ రూ. 150, నారింజ నూనె రూ. 150, వాము రూ. 30, ఈ దశలో రూ. 580. ఇప్పటివరకు మొత్తం: రూ. 4,420.

ఏడాది దగ్గర ఉన్న స్థితి

గుర్తింపు: 5, 6, 8, 10, 11. ఇవి మొదలులోను, మూడో, ఆరో, తొమ్మిదో, పన్నెండో నెలల్లోను వచ్చిన అంకెలు.
పలచన వరస: 0, 0, 1, 3, 5. అయిదో మెట్టు అంటే 0.25 శాతం.
పారోస్మియా: వేడి కాఫీ 3 నుంచి 1కి, వేయించిన ఉల్లి 3 నుంచి 2కి తగ్గాయి. కోడిగుడ్డు 3 దగ్గరే ఉంది.

ఈ మెరుగుదలలో శిక్షణ వాటా ఎంతో, కాలంతో దానంతట అది జరిగినది ఎంతో ఒక్క మనిషి లెక్కతో విడదీయలేము. శిక్షణ లేకుండా కూడా కొందరికి వాసన కొంత తిరిగి వస్తుంది. విడదీయగలిగింది ఒక్కటే: ఈ అంకెల్లో చప్పుడు లేదు, చలువ లేదు, ఊహ లేదు. గుర్తించిన 11లో నెయ్యి, కొబ్బరి, కరివేపాకు ఉన్నాయి. ధనియాలకు, జీలకర్రకు తేడా ఇంకా తెలియడం లేదు. కరివేపాకును పేరు చెప్పకుండా పట్టిన రోజు అత్తయ్య పుస్తకంలో టిక్కు పెట్టి, నా ముఖం చూసి, "పరీక్ష మధ్యలో ఏడవకూడదమ్మా, ముక్కు మూసుకుపోతుంది. ఇంకా పది సీసాలున్నాయి" అన్నారు. ఆ పదీ పూర్తిచేశాము.

తరవాతి పని: కాఫీని వేడినీటిలో పలచన చేసి, ఏ మెట్టు దగ్గర వికృతం మొదలవుతుందో కొలవడం. దానికి ఎనిమిది సీసాలు చాలు, దశ 1లో మిగిల్చినవే ఉన్నాయి. నిమ్మగడ్డి, నారింజ నూనెలు చెన్నై ఎండకు త్వరగా ఆక్సీకరణం చెంది టర్పెంటైను వాసనకు తిరుగుతాయి కనుక, రెండింటినీ ఏప్రిల్‌కు ముందే మార్చి ఫ్రిజ్ తలుపు అరలో పెట్టాలి.